స్టాప్‌వాచ్ పక్కన పెట్టి ఫైలు వెంట నడవండి

ప్రశ్న: నేను చాలా ఏళ్లు వాహనాల విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ సూపర్‌వైజర్‌గా పనిచేశాను. అక్కడ లీన్, అంటే పనిలో వృథాని తగ్గించే పద్ధతులతో మంచి ఫలితాలు చూశాను. ఏడాది కిందట ఒక ఆస్పత్రిలో ఆపరేషన్స్ మేనేజర్‌గా చేరాను. లీన్ తీసుకొచ్చి సామర్థ్యం పెంచండి, ఖర్చు తగ్గించండి అని యాజమాన్యం చెప్పింది. ఫైవ్ ఎస్‌తో, అంటే పనిచోటుని సర్ది శుభ్రంగా ఉంచే పద్ధతితో మొదలుపెట్టాను. టేబుళ్ల మీద టేపులు అంటించి, ప్రతి వస్తువుకూ చోటు గీసి, లేబుళ్లు పెట్టించాను. బిల్లింగ్ సెక్షన్‌లో స్టాప్‌వాచ్‌తో ఏ పనికి ఎంతసేపు పడుతోందో రాసుకున్నాను. అప్పటి నుంచి సిబ్బంది నాతో మాట్లాడటం తగ్గించేశారు. "మేం చూసేది మనుషుల్ని, బోల్టుల్ని కాదు" అని ఒక సీనియర్ నర్సు మొహం మీదే అన్నారు. ఇంటికి వెళ్లొచ్చని డాక్టరు చెప్పాక కూడా పేషెంటు బయటపడడానికి ముందులాగే నాలుగైదు గంటలు పడుతోంది. స్టోర్స్‌లో నిల్వ తగ్గిస్తే ఒకరోజు అత్యవసరమైన సామాను దొరక్క పెద్ద గొడవైంది. ఐటీ వాళ్లు ఏ పని ఏ దశలో ఉందో చీటీలతో చూపించే కాన్‌బాన్ బోర్డు గోడ మీద పెట్టుకున్నారు గానీ ఏ పనీ పూర్తి కావట్లేదు. లీన్ ఫ్యాక్టరీలకే పనికొస్తుందా? దీన్ని ఇక్కడితో వదిలేయమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.

(పేరు రాయవద్దన్న పాఠకురాలు)

సమాధానం: వదిలేయకండి. అయితే ఇప్పటిదాకా చేసినదాంట్లో కొంత వెనక్కి తీసుకోవాలి, అదీ అందరి ముందే. స్టాప్‌వాచ్‌తో మొదలుపెడదాం. రేపు బిల్లింగ్ సెక్షన్‌కి వెళ్లి, ఇకపై ఎవరి పనినీ సెకన్లతో కొలవనని చెప్పండి. ఇదివరకు రాసుకున్న కాగితాలు ఎవరి మీదా వాడనని చెప్పండి. అవి వాళ్లకే ఇచ్చేస్తే ఇంకా మంచిది. మీ ఉద్దేశం చెడ్డదని నేను అనడం లేదు. ఫ్యాక్టరీలో మెషిన్ సైకిల్ టైమ్ కొలిచే అలవాటుతోనే ఇక్కడా కొలిచారు. కానీ పైనుంచి ఖర్చు తగ్గించండి అనే మాట వచ్చిన చోట మేనేజర్ స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడితే, అక్కడ కూర్చున్నవాళ్లకి తట్టేది ఒక్కటే ప్రశ్న: "మాలో ఎవర్ని తీసేస్తారు?" ఆ ప్రశ్నకి జవాబు దొరికేదాకా ఎవరూ మీకు నిజం చెప్పరు. వాళ్లు నిజం చెప్పకపోతే లీన్‌లో మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. పని ఎక్కడ ఆగుతోందో, ఏది రెండుసార్లు చేయాల్సి వస్తోందో, ఏ ఫారం ఎవరూ చదవకుండానే ఫైల్లోకి పోతోందో తెలిసింది వాళ్లకే.

అందుకని మొదటి పని యాజమాన్యం దగ్గర ఉంది. ఈ ప్రయత్నం వల్ల మిగిలిన సమయాన్ని చూపించి ఎవరి ఉద్యోగమూ తీసేయబోమని వాళ్ల చేత రాతపూర్వకంగా చెప్పించండి. వద్దంటే ఎందుకు కావాలో చరిత్రే చెబుతుంది. 1950లో టొయోటా దివాలా అంచుకి వెళ్లింది. ఉద్యోగుల్ని తగ్గించాల్సి వచ్చింది, సమ్మె నడిచింది, చివరికి కీచిరో టొయోడా అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. ఇవాళ మనం లీన్ అంటున్న పద్ధతిని టొయోటా ఇంజనీరు తైచీ ఓనో, ఆయన తోటివాళ్లు నిర్మించింది ఆ దెబ్బ తిన్న తర్వాతి దశాబ్దాల్లో, ఉద్యోగ భద్రత మీద కార్మికులతో కుదిరిన నమ్మకం ఆసరాగానే.

అమెరికాలోని ఫ్రీమాంట్ ప్లాంటు సంగతి మీకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. జనరల్ మోటార్స్ దాన్ని 1982లో మూసేసింది. కార్మికులు పనికి రాకపోవడం, నాణ్యత లేకపోవడం, రోజూ గొడవలు, ఇలా దానికి చాలా చెడ్డపేరు ఉండేది. 1984లో టొయోటాతో కలిసి నమ్మీ అనే పేరుతో మళ్లీ తెరిచారు. పనిలోకి తీసుకున్నది చాలావరకు ఆ పాత కార్మికుల్నే, ఉన్నది ఆ పాత యూనియనే. రెండేళ్లు తిరక్కుండానే ఆ ప్లాంటు నాణ్యతలో జనరల్ మోటార్స్‌లోనే ముందు వరుసలోకి వచ్చింది. 1980ల చివర్లో కార్లు సరిగా అమ్ముడుపోనప్పుడు కూడా అక్కడ ఎవరినీ ఇంటికి పంపలేదు. ఖాళీగా ఉన్నవాళ్లని శిక్షణలో, కైజెన్ (చిన్నచిన్న మెరుగుదలల) పనుల్లో పెట్టారు. తర్వాత జనరల్ మోటార్స్ ఇవే పద్ధతుల్ని కాలిఫోర్నియాలోనే వాన్ నైస్‌లో ఉన్న తన సొంత ప్లాంటులోకి తేవాలని చూసింది. అక్కడ నమ్మకం కుదరలేదు, పద్ధతులూ నిలవలేదు. 1992లో ఆ ప్లాంటు మూతపడింది. లీన్ అనే పేరు పెట్టింది కూడా నమ్మీలో ఇంజనీరుగా పనిచేసిన జాన్ క్రాఫ్‌చిక్కే, 1988లో రాసిన ఒక వ్యాసంలో.

ఇదంతా కార్ల కథ, ఆస్పత్రికి ఏం సంబంధం అని మీవాళ్లు అడగొచ్చు. సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆస్పత్రి 2002లో టొయోటా పద్ధతిని తన పద్ధతిగా ప్రకటించుకుంది. ఉన్నతాధికారులు, డాక్టర్లు జపాన్ వెళ్లి ఫ్యాక్టరీల్లో నిలబడి చూసి వచ్చారు. వాళ్లు తీసుకున్న తొలి నిర్ణయాల్లో రెండు మీకు పనికొస్తాయి. మొదటిది, మెరుగుదల వల్ల ఎవరి ఉద్యోగమూ పోదన్న హామీ. రెండోది, పేషెంటుకి హాని జరిగేలా ఉందనిపిస్తే ఏ ఉద్యోగి అయినా పని ఆపి పైవాళ్లని పిలవొచ్చన్న అధికారం. ఈ రెండోదాని వెనుక టొయోటా అసెంబ్లీ లైన్‌లో తప్పు కనబడితే కార్మికులు లాగే తాడు ఉంది, దాని వెనుక 1924 నాటి ఒక మగ్గం ఉంది. కీచిరో తండ్రి సకీచీ టొయోడా తయారుచేసిన ఆ మగ్గంలో దారం తెగితే మగ్గం దానంతట అదే ఆగిపోయేది. తప్పు జరిగిన చోటే పని ఆగాలి, తప్పుడు బట్ట ముందుకు పోకూడదు. సీనియర్ నర్సు మీ మొహం మీదే ఆ మాట అన్నారని బాధపడ్డారు కదా, నాకైతే ఆమె ఆ తాడే లాగారనిపిస్తోంది. మీ ప్రయత్నంలో మీకు మొట్టమొదట తోడు కావాల్సిన మనిషి ఆమె.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఫ్యాక్టరీలో పనిచేసింది ఇక్కడ ఎందుకు పనిచేయట్లేదు? ఫ్యాక్టరీలో ఆగిపోయిన పని కంటికి కనబడుతుంది. రెండు మెషిన్ల మధ్య విడిభాగాల కుప్ప పెరుగుతుంటే కొత్తగా చేరినవాళ్లు కూడా వేలు పెట్టి చూపించగలరు. ఆస్పత్రిలో, ఆఫీసులో, సాఫ్ట్‌వేర్ టీములో ఆ కుప్ప కనబడదు. అది ఒకరి కంప్యూటర్‌లో మెయిల్‌గా ఉంటుంది, ఇంకొకరి సంతకం కోసం ఆగిన ఫైలుగా ఉంటుంది, మంచం మీద బట్టలు సర్దుకుని కూర్చున్న పేషెంటుగా ఉంటుంది. కుప్ప కనబడకపోయేసరికి మనం కనబడేదాన్ని, అంటే మనుషుల్ని, కొలుస్తాం. వాళ్లు ఎంత వేగంగా టైప్ చేస్తున్నారు, ఎన్నిసార్లు లేచారు అని చూస్తాం. నాలుగైదు గంటలు పట్టే డిశ్చార్జ్‌లో మనుషుల చేతులు నిజంగా కదిలేది ఎంతసేపో మీరే చూడండి. చాలాచోట్ల అది గంట కూడా ఉండదు. మిగతాదంతా ఎదురుచూపే. చేతుల్ని రెట్టింపు వేగంతో ఆడించినా అరగంటకు మించి మిగలదు. ఎదురుచూపులో సగం తీసేస్తే పేషెంటు మధ్యాహ్న భోజనానికి ఇంట్లో ఉంటారు.

ఆ ఎదురుచూపు కొలవడానికి స్టాప్‌వాచ్ అవసరమే లేదు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన ఒక చిన్న సూత్రం ఉంది. ఒక వ్యవస్థలో సగటున ఎంతమంది ఉన్నారో, గంటకి ఎంతమంది వస్తున్నారో తెలిస్తే, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే చాలు, ఒక్కొక్కరు సగటున ఎంతసేపు ఉంటున్నారో వచ్చేస్తుంది. మీ ఆస్పత్రిలో డిశ్చార్జ్ చెప్పినా ఇంకా వెళ్లనివాళ్లు ఎంతమందో గంటకోసారి లెక్కపెట్టి గోడ మీద రాయించండి. సగటున 12 మంది ఉన్నారు, గంటకి ముగ్గురికి డిశ్చార్జ్ చెబుతున్నారు అనుకోండి, ఒక్కొక్కరికి పడుతున్నది 4 గంటలు. పొద్దున లెక్క సున్నాతో మొదలై రాత్రికి మళ్లీ సున్నాకి చేరితే ఆ రోజుకి ఇది కచ్చితంగా నిలుస్తుంది. ఇందులో ఏ ఉద్యోగి పేరూ రాదు, ఎవరి వేగమూ రాదు. లెక్కపెట్టేది ఆగిపోయిన పనిని మాత్రమే.

తర్వాత ఫైలు వెంట నడవండి. మీరొక్కరే కాదు, ఆ సీనియర్ నర్సు, బిల్లింగ్ నుంచి ఒకరు, ఫార్మసీ నుంచి ఒకరు, ఒక జూనియర్ డాక్టరు, అందరూ కలిసి. డాక్టరు "వెళ్లొచ్చు" అన్న క్షణం నుంచి పేషెంటు గేటు దాటేదాకా ఒకే ఒక్క ఫైలుతో ఉండండి. అది టేబుల్ మీద పడి ఉంటే మీరూ అక్కడే ఉండండి. విసుగు పుట్టినా కదలొద్దు, ఎందుకంటే ఆ విసుగు పేషెంటు రోజూ పడుతున్నదే. ప్రతి చోటా రెండే ప్రశ్నలు: ఇది ఇక్కడికి ఎప్పుడు వచ్చింది, దేనికోసం ఆగింది? ఎవరి వల్ల అని అడగకండి. డిశ్చార్జ్ సమ్మరీ రాయాల్సిన జూనియర్ డాక్టరు అప్పటికి ఆపరేషన్ థియేటర్‌లో ఉంటారు. వాడని మందులు ఫార్మసీకి తిరిగి వెళ్తేగానీ బిల్లు మూసే వీల్లేదు, వాటిని తీసుకెళ్లే అటెండరు ఇంకో పేషెంటుని ఎక్స్‌రేకి తీసుకెళ్లారు. ల్యాబ్ ఛార్జీ ఒకటి ఇంకా కంప్యూటర్‌లో ఎక్కలేదు. బీమా కంపెనీ ఒక కాగితం అడిగింది, అడిగిన సంగతి గంట తర్వాత చూశారు. ఇలాంటివి మీవాళ్లకే పది కనబడతాయి. బిల్లింగ్‌లో కూర్చున్నవాళ్లు నెమ్మదిగా పనిచేయడం వాటిలో ఉండే అవకాశం చాలా తక్కువ.

ఇక్కడ ఒక విషయం మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, లీన్ నేర్పేవాళ్లు చాలామంది దీన్ని తొందరగా దాటేస్తారు కాబట్టి. టొయోటాలో ముదా, మురా, మురి అని మూడు మాటలు వాడతారు. ముదా అంటే వృథా, మురా అంటే ఎగుడుదిగుడు, మురి అంటే మోయలేని భారం. శిక్షణ తరగతుల్లో మొదటిదాని గురించే రోజంతా చెబుతారు. ఏడు రకాల వృథా అని పట్టిక ఇస్తారు: అవసరానికి మించి తయారుచేయడం, ఎదురుచూపు, అనవసర రవాణా, అక్కర్లేని పని చేయడం, నిల్వ, అనవసర కదలిక, లోపాలు. పట్టిక మంచిదే. కానీ ఆస్పత్రిలో, బ్యాంకులో, ఏ సేవల సంస్థలో చూసినా తక్కిన రెండూ పుట్టేది మురా నుంచే. డాక్టర్లంతా పొద్దున ఒకే సమయంలో రౌండ్స్ పూర్తిచేస్తే ఆ రోజు డిశ్చార్జ్‌లన్నీ ఒకే గంటలో బిల్లింగ్ మీద వచ్చి పడతాయి. బిల్లింగ్‌లో ముగ్గురు ఉన్నారనుకుంటే, పొద్దున ఖాళీగా కనబడ్డ వాళ్లే మధ్యాహ్నానికి ఊపిరాడకుండా ఉంటారు. హడావిడిలో తప్పు బిల్లు వెళ్తుంది, దాన్ని మళ్లీ చేయాలి. "మా బిల్లు ఏమైంది" అని పేషెంట్ల బంధువులు కౌంటర్‌కి వస్తారు, ఫోన్లు చేస్తారు. వాళ్లకి సమాధానం చెప్పడమూ పనే, అయితే అది ఆలస్యంలోంచి పుట్టిన పని. ఆలస్యం తగ్గితే అదీ మాయమవుతుంది. ఇది తెలియకుండా పొద్దున పూట ముగ్గురూ ఖాళీగా ఉన్నారని ఒకరిని తగ్గిస్తే మధ్యాహ్నం మీ ఆస్పత్రి స్తంభించిపోతుంది.

ఖాళీ గురించి ఇంకో లెక్క చెబుతాను, యాజమాన్యానికి కూడా చూపించండి. పని ఎప్పుడు వస్తుందో, ఒక్కోటి ఎంతసేపు పడుతుందో ముందుగా తెలియని చోట, ఒకే కౌంటర్ ఉందనుకుందాం. క్యూల గణితంలో అతి సరళమైన నమూనా ప్రకారం, ఆ కౌంటర్‌లో మనిషి 80 శాతం సమయం పనిలో ఉంటే క్యూలో సగటు ఎదురుచూపు ఒక్కో పనికి పట్టే సమయానికి 4 రెట్లు. 90 శాతం అయితే 9 రెట్లు. 95 శాతం అయితే 19 రెట్లు. అంటే ఆ చివరి ఖాళీని పిండడానికి పేషెంటు చెల్లించే మూల్యం అంత పెద్దది. ఒకే భాగాన్ని రోజంతా ఒకే వేగంతో చేసే మెషిన్‌ని 95 శాతం నడపొచ్చు. మనుషులు తమ తమ జబ్బులతో వచ్చే చోట నడపలేం. ఐసీయూ మంచాలకి, అంబులెన్స్‌లకి, అత్యవసర విభాగం డాక్టర్లకి ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. అక్కడి ఖాళీని వృథా అని రాసుకోకండి.

మరి ఎగుడుదిగుడు తగ్గించడం ఎలా? రౌండ్స్ వేళలు మార్చమని డాక్టర్లని అడగడం కష్టమని నాకు తెలుసు. దానికంటే ముందు, ఆ రోజు వెళ్లబోయే పేషెంట్లని రౌండ్స్‌లో మొదట చూడమని అడగండి, ఇది చాలామంది ఒప్పుకుంటారు. ఇక మీ పాత అనుభవం నేరుగా పనికొచ్చే చోటు ఇక్కడే ఉంది. ప్రెస్ షాపులో డై (అచ్చు) మార్చే సమయం తగ్గించడం మీరు చేసే ఉంటారు. షిగెయో షింగో 1969లో టొయోటాలో 1,000 టన్నుల ప్రెస్సుకి డై మార్పిడిని 4 గంటల నుంచి గంటన్నరకి, అక్కడి నుంచి 3 నిమిషాలకి తెచ్చారు. కిటుకు మీకు తెలిసిందే: మెషిన్ ఆగితేనే చేయగలిగే పనుల్ని, మెషిన్ నడుస్తుండగానే చేసిపెట్టుకోగలిగే పనుల నుంచి విడదీయడం. డిశ్చార్జ్‌కి ఇదే చేయండి. డాక్టరు చివరి మాట చెప్పాకే చేయాల్సినవి ఎన్ని? చాలా తక్కువ. సమ్మరీలో తొంభై పాళ్లు ముందురోజే రాసిపెట్టొచ్చు. మందుల లెక్క ముందురోజు సాయంత్రమే చూసుకోవచ్చు. బిల్లు ఏ రోజుకి ఆ రోజు సరిచూసి ఉంచొచ్చు. బీమా కాగితాలు పేషెంటు చేరిన రోజే మొదలుపెట్టొచ్చు. ఆపరేషన్ థియేటర్‌లో ఒక కేసుకీ ఇంకో కేసుకీ మధ్య పట్టే సమయానికి కూడా ఇదే పద్ధతి. తర్వాతి కేసు పరికరాల ట్రాలీ బయట సిద్ధంగా ఉండాలి, శుభ్రం చేయడం మొదలయ్యాక ఎవరూ వెతుక్కోకూడదు.

ల్యాబ్‌లోనూ అకౌంట్స్‌లోనూ ఇంకో జబ్బు ఉంటుంది: పోగేసి చేయడం. ఇది తప్పని చెబితే ఎవరూ నమ్మరు, ఎందుకంటే పోగేసి చేస్తే వేగంగా అవుతున్నట్టే ఉంటుంది. లెక్క వేసి చూపించండి. మూడు టేబుళ్లు, 10 ఫైళ్లు, ప్రతి టేబుల్ దగ్గరా ఒక్కో ఫైలుకి 3 నిమిషాలు. పదీ పూర్తయ్యాక కట్టగా పక్క టేబుల్‌కి పంపితే అన్నీ పూర్తవడానికి 90 నిమిషాలు, మొదటి ఫైలు బయటికి వచ్చేదే 63వ నిమిషంలో. ఒక్కొక్కటి అవగానే పంపేస్తే మొదటిది 9వ నిమిషంలో, చివరిది 36వ నిమిషంలో వస్తాయి. ఎవరూ చేయి వేగంగా కదపలేదు, ఎవరూ అదనంగా చేరలేదు. ఇంకో లాభం కూడా ఉంది. మొదటి టేబుల్ దగ్గర ఏదైనా తప్పు జరుగుతుంటే అది పది ఫైళ్లలో కాకుండా ఒక్కదాంట్లోనే పట్టుబడుతుంది. ల్యాబ్ మెషిన్‌లో నమూనాలన్నీ కలిపి పెట్టక తప్పని పరీక్షలు కొన్ని ఉంటాయి, వాటి జోలికి పోకండి. వార్డు నుంచి ల్యాబ్‌కి నమూనాలు పొద్దున ఒకేసారి కాకుండా గంటగంటకీ వెళ్లేలా చూడగలిగితే అదే పెద్ద మార్పు.

ఫైవ్ ఎస్ సంగతి. ఆఫీసు టేబుల్ మీద స్టేప్లర్ చుట్టూ గీత గీయించడం వల్ల పేషెంటుకి ఏమీ ఒరగదు, ఆ టేపులు పీకేయండి. ఫైవ్ ఎస్ ప్రాణం నిలిపే చోట్లు ఆస్పత్రిలో వేరే ఉన్నాయి. అత్యవసర మందుల ట్రాలీ అన్నిటికంటే ముఖ్యమైనది. గుండె ఆగిన పేషెంటు పక్కన నిలబడి ఏ సొరుగులో ఏముందో వెతకడం అంటే ఏమిటో నర్సులకి చెప్పక్కర్లేదు. ప్రతి వార్డులో ఆ ట్రాలీ ఒకేలా సర్దితే ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకి డ్యూటీ మారిన నర్సు కూడా చూడకుండానే చేయి పెట్టగలరు. ఒకేలా కనబడే, ఒకేలా వినబడే పేర్లున్న మందుల్ని దూరదూరంగా పెట్టడం కూడా ఇందులోదే. ఎలా సర్దాలో నర్సులే నిర్ణయించాలి. మీరు చేయాల్సింది వాళ్లకి గంట సమయం, కావాల్సిన పెట్టెలు ఇప్పించడం.

స్టోర్స్‌లో జరిగినదానికి కారణం నిల్వ తగ్గించడాన్నే లక్ష్యంగా పెట్టుకోవడం. టొయోటా పద్ధతిలో నిల్వ తగ్గడం ఫలితంగా వస్తుంది, సరఫరా నమ్మకంగా ఉన్నంత మేరకే. ఆ కంపెనీ కూడా దెబ్బలు తినే నేర్చుకుంది. 1997 ఫిబ్రవరి 1న ఐసిన్ అనే సరఫరా సంస్థ ప్లాంటు తగలబడితే బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దొరక్క జపాన్‌లో టొయోటా ప్లాంట్లు కొన్ని రోజులు ఆగిపోయాయి. 2011 భూకంపం తర్వాతైతే సెమీకండక్టర్ల వంటి, దొరకడం ఆలస్యమయ్యే భాగాల్ని 2 నుంచి 6 నెలలకి సరిపడా ఉంచమని సరఫరాదారులకే చెప్పింది. మీరు స్టోర్స్‌లోని సరుకుని రెండు ప్రశ్నలతో విడదీయండి: ఇది లేకపోతే ఎవరికి ఏమవుతుంది? తెప్పించడానికి ఎంతకాలం పడుతుంది? లేకపోతే ప్రాణం మీదికి వచ్చేవి, తెప్పించడం ఆలస్యమయ్యేవి ధారాళంగా ఉంచండి. రోజూ కదిలే దూది, చేతి తొడుగులు, సిరంజిల వంటివాటికి రెండు పెట్టెల పద్ధతి పెట్టండి. ముందు పెట్టె ఖాళీ అయితే దాన్నే స్టోర్స్‌కి పంపాలి, నిండి వచ్చేదాకా వెనక పెట్టె వాడుకోవాలి. అదీ కాన్‌బానే, అంటే వాడుకున్నాకే కొత్తది పంపమని చెప్పే గుర్తు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ముందుగా గడువు తీరేది ముందు వాడేలా సర్దడం ఎలాగూ తప్పనిసరి.

ఐటీ వాళ్ల బోర్డు గురించి రెండు మాటలు చాలు. ఆ బోర్డు మీద "జరుగుతున్నవి" అనే గడిలో ఎన్ని చీటీలు ఉన్నాయో చూడండి. టీములో మనుషుల కంటే మూడు నాలుగు రెట్లు ఉంటాయని నా అనుమానం. ఆ గడికి పరిమితి లేకపోతే అది కాన్‌బాన్ కాదు, గోడ మీద పనుల జాబితా. లిటిల్ సూత్రం ఇక్కడా అదే చెబుతుంది: పూర్తయ్యే వేగం మారకుండా మొదలుపెట్టినవి పెరిగితే ఒక్కొక్కటీ ఆలస్యమే అవుతుంది. పరిమితి పెట్టుకుని, అందులో ఒకటి పూర్తయితేనే ఇంకోటి తీసుకోవాలి. దీనికి అడ్డం వచ్చేది ఐటీ వాళ్లు కాదు, ప్రతి విభాగం నుంచీ "మాది అర్జెంట్" అని వచ్చే ఫోన్లు. వాటిని ఆపే బాధ్యత మీరు తీసుకోవాలి. ఏది ముందో వారానికోసారి విభాగాధిపతులే కూర్చుని తేల్చుకోనివ్వండి.

చివరిగా యాజమాన్యంతో ఏం మాట్లాడాలో. ఆస్పత్రి మొత్తం అని ఒప్పుకోకండి. ఒక్క వార్డు, మూడు నెలలు అడగండి. ఆ సీనియర్ నర్సు పనిచేసే వార్డే అయితే మంచిది, ఆమె ఒప్పుకుంటే. చూపించే అంకెలు కొన్నే పెట్టుకోండి: డిశ్చార్జ్‌కి పట్టే సమయాల్ని వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో ఉన్న పేషెంటుది ఎంత, ప్రతి పదిమందిలో అందరికంటే ఆలస్యమైన ఒకరిది ఎంత, మంచం కోసం అత్యవసర విభాగంలో ఎదురుచూస్తున్నవాళ్లు ఎందరు, సరిచేయాల్సి వచ్చిన బిల్లులు ఎన్ని. సగటు ఒక్కటే చూపిస్తే ఏడు గంటలు కూర్చున్న మనిషి అందులో కనబడకుండా పోతారు. ఖర్చు ఎంత తగ్గింది అని అడుగుతారు. రోజుకి కొన్ని మంచాలు రెండు మూడు గంటలు ముందుగా ఖాళీ అయితే అది ఆస్పత్రికి ఎంత విలువో వాళ్ల అకౌంటెంటే లెక్క వేయగలరు, ఆయన్ని ఫైలు వెంట నడిచే బృందంలో ఒకరోజు కలుపుకోండి. మిగిలిన సమయం ఎటు వెళ్లాలో కూడా ముందే రాయించుకోండి: నర్సులైతే పేషెంటు దగ్గరికి, బిల్లింగ్ వాళ్లైతే ముందురోజు సిద్ధం చేసే పనికి. మార్పుల్లో కొన్ని పనిచేయవు. పనిచేయనిదాన్ని తీసేసే హక్కు దాన్ని వాడేవాళ్లకే ఉండాలి, మీ సంతకం కోసం ఆగకుండా.

ఆ అంకెలు మీ గదిలో కాకుండా ఆ వార్డు నర్సుల స్టేషన్ దగ్గరే, చేత్తో రాసి పెట్టండి. మూడు నెలల తర్వాత అవి ఎలా ఉన్నాయో నాకూ రాయండి, పెరిగినా సరే.